నైరుతి మూలన డంప్‌స్టర్

అరోరా, ఇల్లినాయ్
ఆదివారం, సెప్టెంబర్ 14, 2025

చక్రీ,

నువ్వూ కావ్యా చల్లగా ఉండాలి. ఫోన్ చేయకుండా ఈ మెయిలేమిటా అనుకుంటున్నావు కదూ. ఫోన్లో మనిద్దరం మూడో నిమిషానికల్లా పోట్లాటకి దిగుతాం. నాకిప్పుడు పోట్లాడే ఓపిక లేదు. పైగా హాస్పిటల్ గదిలో మీ బావ కళ్ళు మూసుకుని పడుకుంటే పక్కన కూర్చుని గొంతు పెంచలేను. ఇకనుంచి ఇలాగే రాస్తాను, నువ్వూ ఇలాగే రాయి.

క్యాన్సర్‌కి చివరి కీమో అయ్యాక, ముందే తీసి దాచిన ఆయన స్టెమ్ సెల్స్, అవే రక్తం పుట్టించే కణాలు, తొమ్మిదో తారీఖున ఆయనకే తిరిగి ఎక్కించారు. వాటిని పాడవకుండా ఉంచే మందు వల్ల గదంతా ఉడికించిన మొక్కజొన్న వాసన. ఇప్పుడు ఒంట్లో తెల్లకణాలు సున్నా. నోరంతా పుండ్లు. మంచినీళ్ళు మింగాలన్నా కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అయినా నర్సుతో జోకులు వేస్తాడు, నా దగ్గర మాత్రం మాట్లాడడు.

నిన్న డిశ్చార్జి చూసే ఆవిడ వచ్చి ఒక కాగితం ఇచ్చింది. ఇంటికి తీసుకెళ్ళేటప్పటికి ఇంట్లో ఎక్కడా చెమ్మ ఉండకూడదు, బూజు ఉండకూడదు. ఆ గాలి పీలిస్తే ఇలాంటి మనిషికి ఊపిరితిత్తుల్లో బూజు పెరుగుతుందట, ప్రాణం మీదికి వస్తుందట. మే నెలలో వడగళ్ళు పడి మా ఇంటి కప్పు దెబ్బతిన్న సంగతి నీకు తెలుసు. ఇన్సూరెన్స్ వాళ్ళు ఆగస్టు దాకా నానబెట్టారు. అప్పుడు మా బెడ్‌రూమ్ సీలింగ్ మీద పళ్ళెమంత మరక ఉండేది, ఇప్పుడు గొడుగంత అయింది. ఇరవై తొమ్మిదిన ఆయన్ని పంపిస్తామంటున్నారు. ఆలోపు కొత్త కప్పు పడాలి. నాకు ఈ లోకంలో ఇప్పుడున్న పని ఇదొక్కటే.

పక్కింటి నమ్రత వాళ్ళ కప్పు వేసిన రమీరో అనే మేస్త్రీని మాట్లాడాను. మంచివాడు. నలుగురు మనుషులతో రెండు రోజుల్లో చేస్తాడు, ఈ గురువారమే మొదలుపెడతానన్నాడు. కానీ ఊడదీసిన చెత్త వేసే పెద్ద ఇనప పెట్టె, డంప్‌స్టర్, మాత్రం మనమే అద్దెకి తెప్పించుకోవాలట. వెబ్‌సైట్ తెరిస్తే పది యార్డులు, ఇరవై, ముప్పై, నలభై అని వరసగా బొమ్మలున్నాయి. నాకు చీర పన్నా తెలుసుగానీ ఈ యార్డులు తెలియవు. నువ్వు చాండ్లర్‌లో ఇల్లంతా పగలగొట్టి మళ్ళీ కట్టించావు కదా. ఏ సైజో ఒక్క ముక్కలో చెప్పు. ఒక్క ముక్కలో.

నీ అక్క,
వసంత

——

చాండ్లర్, అరిజోనా
సోమవారం, సెప్టెంబర్ 15

అక్కా, దండాలు.

ఒక్క ముక్కలో చెప్పమన్నావు: ముప్పై. ఇక మిగిలిన ముక్కలు.

మా కిచెన్ పని అప్పుడు నేనూ పొదుపనుకుని పది యార్డులది తెప్పించాను. పాత కబోర్డులు సగం పడేసరికే నిండిపోయింది. రెండోది తెప్పిస్తే అదీ చాల్లేదు. చిన్నది తెప్పించి ఏడ్చేకంటే పెద్దది తెప్పించి నవ్వడం మేలని అప్పుడు తెలుసుకున్నాను. నువ్వు ఏమీ చేయొద్దు, ఆన్‌లైన్లో నేనే బుక్ చేస్తాను. నువ్వు బావ దగ్గర కూర్చో.

అయితే గురువారం వద్దు. ఇప్పుడు మహాలయ పక్షం నడుస్తోంది. పెద్దల రోజుల్లో ఇంటి కప్పు విప్పుకుంటామా? వచ్చే ఆదివారం అమావాస్య. సోమవారంతో నవరాత్రులు మొదలు. ఇరవై మూడు మంగళవారం పని పెట్టించు. రెండు రోజుల పనే అన్నావుగా, ఇరవై ఐదుకల్లా అయిపోతుంది, బావ ఇరవై తొమ్మిదిన వస్తాడు. హాయిగా సరిపోతుంది.

ఇంకో సంగతి. నీకు కోపం వచ్చినా చెప్పాలి. మీది తూర్పు ముఖం ఇల్లు, డ్రైవ్‌వే సరిగ్గా ఈశాన్యంలో పడింది. ఈశాన్యంలో బరువు ఉండకూడదని రెండు నెలలుగా మొత్తుకుంటున్నాను. మీరు రెండు కార్లూ అక్కడే పెడతారు. బావకి ఈ జబ్బు ఊరికే వచ్చిందని నేననుకోవడం లేదు. ఈమధ్య ఒక వాస్తు పండితుడి క్లాసులు వింటున్నాను, కొన్ని చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

బావ నోటి పుండ్లకి ఐసు ముక్కలు చప్పరించమను.

చక్రి

——

అరోరా
బుధవారం, సెప్టెంబర్ 17

చక్రీ,

ఐసు ముక్కలు వాళ్ళే ఇస్తున్నారు. నీ వాస్తు పేరా సగంలో ఆపేశాను. ఇకముందు కూడా చదవను, ముందే చెప్తున్నా. మీ బావకి జబ్బు డ్రైవ్‌వే వల్ల రాలేదు. అలాంటి మాట ఇంకోసారి రాస్తే మెయిలే తెరవను.

అయినా మంగళవారానికి మార్చాను. నమ్మకం ఉండి కాదు. రేపు ఏదైనా జరిగితే ఈ మాట గుర్తొచ్చి నన్ను తినేస్తుందని భయం. భయపడ్డవాళ్ళకి అన్ని పంచాంగాలూ నిజమే. రమీరోకి నచ్చలేదు. ఈ వారం ఎండగా ఉంది మేడమ్, వచ్చే వారం వాన చూపిస్తోంది, శుక్రవారం ఇరవై ఆరు నుంచి నాకు ఇంకో ఇంటి పని ఉంది అన్నాడు. బతిమాలాను.

పైకెక్కి ఒక మూల ఎత్తి చూశాడు. మా కప్పుకి రెండు పొరలున్నాయట. మాకు అమ్మినవాళ్ళు కప్పు మీది పాత తారు పలకలు, షింగిల్స్, తీయకుండా వాటి మీదే కొత్తవి కొట్టించారు. రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుందన్నమాట మా ఇల్లు ఇన్నాళ్ళూ. ఈ సంగతి ఆ డంప్‌స్టర్ వాళ్ళకి చెప్పాలేమో చూడు.

నిన్న ఆయన మొదటిసారి ఇంటి సంగతి అడిగాడు. బెడ్‌రూమ్ సీలింగ్ ఎలా ఉంది వసంతా అని. పొడిగానే ఉందండీ అన్నాను. ఇరవై రెండేళ్ళలో ఆయనకి అబద్ధం చెప్పింది చీరల రేట్ల విషయంలోనే. ఇది చెప్పి, ఆయన దుప్పటి సర్దుతూ నిలబడ్డాను.

పిల్లలు లేనివాళ్ళం కదా, స్కూలు జలుబులు రావు, మంచిదే అంది ఆ డిశ్చార్జి ఆవిడ. మంచిదే. కానీ ఇంట్లో ఇంకో మనిషి కూడా లేడు. కప్పు విప్పే ఆ రెండు రోజులూ నువ్వు వచ్చి ఉంటే బాగుంటుంది చక్రీ. నేను హాస్పిటల్లో ఉంటే ఇంటి దగ్గర మాట చెప్పేవాళ్ళుండరు. వీలైతే రా.

వసంత

——

చాండ్లర్
శుక్రవారం, సెప్టెంబర్ 19

అక్కా,

బుక్ అయిపోయింది. ముప్పై యార్డుల పెట్టె, సోమవారం పది, పన్నెండు మధ్య వస్తుంది. నువ్వు ఇంట్లో ఉండక్కర్లేదు. రెండు పొరలన్నావు చూడు, పెద్దది తీసుకోవడం ఎంత మంచిదైందో. చిన్నది చెప్పి ఉంటే రేపు నన్నే తిట్టేదానివి.

రావడం మాత్రం ఈసారి కుదరదు. ఆఫీసులో చాలా టైట్‌గా ఉంది. ఏమీ అనుకోకు.

కావ్య బతుకమ్మకి పూలు ఏ షాపులో దొరుకుతాయా అని రెండు రోజులుగా తిరుగుతోంది. ఇక్కడ ఎండ ఇంకా నూట రెండు ఫారెన్‌హీట్. పూలు కార్లోంచి ఇంట్లోకి వచ్చేలోపే వాడిపోతున్నాయి. బావకి తగ్గాక మీరిద్దరూ చలికాలం ఇక్కడికే రండి. మీ మంచు గోల ఉండదు.

ఈ పేరా నువ్వు చదవవని తెలుసు, అయినా రాయడం నా ధర్మం. ఎత్తూ బరువూ ఉండాల్సింది నైరుతిలో. కాబట్టి పెట్టెని డ్రైవ్‌వే మీద కాకుండా వెనకవైపు నైరుతి మూలన దించమని ఆర్డర్లో రాశాను. దక్షిణం పక్కనుంచి లాన్ మీదుగా లారీ వెళ్ళొచ్చు. గడ్డి పాడైతే బాధ్యత మాది కాదు, సరేనా అని వాళ్ళు అడిగితే ఓకే కొట్టాను. గడ్డి మళ్ళీ మొలుస్తుంది.

అంతా మంచే జరుగుతుంది. ధైర్యంగా ఉండు.

చక్రి

——

అరోరా
బుధవారం, సెప్టెంబర్ 24

చక్రపాణీ,

సోమవారం సాయంత్రం హాస్పిటల్ నుంచి ఇంటికొస్తే డ్రైవ్‌వే ఖాళీగా ఉంది. రాలేదేమో అనుకున్నాను. వెనక్కి వెళ్ళి చూస్తే గడ్డి మీద, మా బెడ్‌రూమ్ కిటికీకి ఎదురుగా, నా తల కంటే ఎత్తు గోడలతో ఒక ఇనప పెట్టె. లాన్ పొడుగునా జానెడు లోతు చక్రాల గాడి. ఎవరు చెప్పారు వాళ్ళకి అక్కడ పెట్టమని? అప్పుడు నీ ఉత్తరం తీసి నాలుగో పేరా చదివాను.

మంగళవారం పొద్దున్నే రమీరో వాళ్ళు వచ్చారు. సరిగ్గా అప్పుడే హాస్పిటల్ నుంచి ఫోన్, ఆయనకి జ్వరం నూట మూడు. నేను పరుగెత్తాను. డాక్టర్లు మంచం చుట్టూ ఉండగా రమీరో ఫోన్ చేశాడు. "మేడమ్, ఇది కప్పు పనికి తెచ్చే పెట్టె కాదు. రెండు పొరల షింగిల్స్ ఇందులో పోస్తే వాళ్ళు ఎత్తలేరు. పచ్చి గడ్డి మీద అసలే ఎత్తలేరు. ఆపమంటారా?" అన్నాడు. ఆపితే ఇంకెప్పుడు? ఏదైతే అదైంది, కానివ్వండి అన్నాను. ఆ మాట నాదే. నీ మీద తోయను.

సాయంత్రానికి కప్పంతా ఊడదీసి పెట్టె నింపారు. ఈరోజు లారీ వచ్చింది. కొక్కెం తగిలించి లాగితే పెట్టె కదల్లేదు, లారీ ముందు చక్రాలే గాల్లోకి లేచాయి. డ్రైవర్ దిగి చూసి, ఈ బరువుతో రోడ్డెక్కితే నా లైసెన్స్ పోతుంది, సగం ఖాళీ చేశాక పిలవండి అని వెళ్ళిపోయాడు. లాగిన లాగుడుకి పెట్టె ఒక పక్క ఇంకా దిగబడింది.

ఇప్పుడు సంగతి విను. ముందువైపు కప్పు కొత్తది పడింది. వెనకవైపు కొట్టాలంటే నిచ్చెనా, షింగిల్స్ పైకి పంపే బెల్టూ పెట్టాల్సిన చోట నీ పెట్టె కూర్చుంది. ఇంకోవైపు నుంచి ఆ సామాను లాక్కురావాలని చూశారు, కుదరలేదు. వెనకవైపంతా చెక్కలు తేలి ఉన్నాయి, పైన ఒక టార్పాలిన్. దాని కిందే మా బెడ్‌రూమ్. రేపు సాయంత్రం వాన. శుక్రవారం నుంచి రమీరో ఉండడు. చెత్త సగం తోడి పోయడానికి ఇంకో పెట్టె కావాలి, వడగళ్ళకి ఊరంతా కప్పులు మారుస్తున్నారు కాబట్టి ఎక్కడా ఖాళీ లేదంటున్నారు.

జ్వరం తగ్గింది. తెల్లకణాలు లేస్తున్నాయి. డాక్టర్లందరూ సంతోషంగా ఉన్నారు. సోమవారం పంపిస్తామని ఖాయంగా చెప్పారు. ఇలాంటి వార్తకి భయపడ్డ భార్యని నేనొక్కదాన్నేనేమో.

ఒక్క రెండు రోజులు రాలేవా?

వసంత

——

చాండ్లర్
గురువారం, సెప్టెంబర్ 25

అక్కా,

నువ్వు తిట్టకుండానే తిట్టావు. నేను దాచిపెట్టి ఏమీ చేయలేదు. ఎక్కడ దించమన్నానో వివరంగా రాశాను. చదవనని పంతం పట్టింది నువ్వు. మేస్త్రీ ఆపమంటారా అని అడిగితే కానివ్వమన్నదీ నువ్వే. అన్నీ నా తలకి చుట్టకు.

పొద్దున్నుంచి పదకొండు కంపెనీలకి ఫోన్ చేశాను. సోమవారం దాకా ఒక్కటీ లేదు. ఒక కంపెనీలో ఫోన్ తీసిన ఆవిడ మొట్టమొదట అడిగిన ప్రశ్న, ఎన్ని పొరలండీ అని. షింగిల్స్‌కి సైజు చూడకూడదట, బరువు చూడాలట. కప్పు పనికి గోడలు పొట్టిగా ఉండే పది యార్డులవి రెండు తెప్పించి, సిమెంటు మీద, కింద చెక్కలేసి పెట్టిస్తారట. పెద్ద పెట్టె కబోర్డులకీ సోఫాలకీనట. మా ఇంటికి పెంకుల కప్పు, నేనెప్పుడూ దాన్ని ముట్టుకోలేదు. నాకెలా తెలుస్తుంది? నువ్వు అడిగావు, నేను చెప్పాను. తెలియదని చెప్పడం నాకు చేతకాలేదు.

మళ్ళీ రమ్మన్నావు. రాలేను. ఎందుకని అడక్కు.

చక్రి

——

అరోరా
శుక్రవారం, సెప్టెంబర్ 26

చక్రపాణీ,

వాన నిన్న ఐదింటికి మొదలైంది. ఆరింటికి గాలికి టార్పాలిన్ ఒక పక్క లేచిపోయింది. నమ్రతా నేనూ బకెట్లు పెట్టాం, దుప్పట్లు పరిచాం. ఏడున్నరకి సీలింగ్ ఊడి కింద పడింది. ఎక్కడనుకున్నావు? నేను ఆయన కోసం కొత్త పరుపు, కొత్త దుప్పట్లు, ప్లాస్టిక్ తొడుగు తీయని దిండ్లు అన్నీ సిద్ధం చేసి పెట్టిన మంచం మీద. తడిసిన దూది, నల్లటి బూజు, పాత కప్పు మేకులు. ఆ మంచం మీద సోమవారం ఆయన పడుకోవాలి.

గోరుచుట్టు మీద రోకటిపోటు అని వినడమే, ఇప్పుడు తగిలింది. ఈ పొద్దున డిశ్చార్జి ఆవిడ ఇంటి ఫొటోలు పంపమంది. నా ఫోన్లో నిరుడు దీపావళికి తీసిన ఫొటో ఉంది, అదే గది, తెల్లటి సీలింగ్. దాన్ని మెయిల్‌కి జోడించాను. పంపే బటన్ మీద వేలు పెట్టాను. చక్రీ, నేను పంపేదాన్నే. ఆయన అటు తిరిగి పడుకుని, ఇంటికెళ్ళాక కిటికీ పక్క మంచం వేయి, ఆకులు రంగు మారేది చూస్తాను అన్నాడు. అంతే, ఫోన్ పక్కన పడేసి భోరుమన్నాను. అంతా చెప్పేశాను. ఆయన ఇటు తిరిగి, ఫోన్ తీసుకుని ఆ పాత ఫొటో చూశాడు. తర్వాత, నన్ను చంపేసేదానివే అన్నాడు. నవ్వుతూ అన్నాడా, నిజంగా అన్నాడా, నాకు తెలియలేదు. ఆ ముఖంలో ఇప్పుడు ఏదీ తెలియదు.

నిజం ఫొటోలే పంపాను. ఇంటికి వీల్లేదన్నారు. హాస్పిటల్ పక్కన పేషెంట్ల కోసం ఉండే వసతిలో ఒక గది ఇస్తారట, పదో తారీఖు వరకే. తర్వాత ఇంకొకరికి ఇచ్చేశారు. ఆ తర్వాత మేమెక్కడికి వెళ్ళాలో ఎవరూ చెప్పడం లేదు.

నేను సలహా అడిగాను, నీకు గొప్ప కావలసి వచ్చింది. రెండు రోజులు మనిషిని అడిగాను, ఎందుకని అడక్కు అన్నావు. సరే అడగను. చేతులు కాలాక ఆకులు పట్టుకునే ఓపిక కూడా నాకు లేదు. నాకు తమ్ముడు లేడనుకుంటే ఈ పని ఇంకా బాగా చేసుకునేదాన్నేమో.

వసంతలక్ష్మి

——

చాండ్లర్
శనివారం, సెప్టెంబర్ 27

అక్కా,

జూలై ఎనిమిదిన నా ఉద్యోగం పోయింది. నా వీసాకి, అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే దేశం వదలాలి. నీకు తెలుసు ఆ లెక్క, బావ కూడా ఒకప్పుడు ఆ బాధ పడ్డాడు. అదే వారం బావకి నాలుగో విడత కీమో. నీకు ఫోన్ చేసి చెబుదామని మూడుసార్లు అనుకున్నాను. ప్రతిసారీ నువ్వే ముందు బావ సంగతి మొదలుపెట్టేదానివి, నేను వినేవాడిని.

యాభై రెండో రోజున దొరికింది. చేరి నెల కూడా కాలేదు. మొదటి తొంభై రోజులు సెలవు లేదని మేనేజర్ చేరిన రోజే చెప్పాడు. పనివేళ స్క్రీన్ మీద కనబడకపోతే అడుగుతారు. బుక్ చేసినా, ఫోన్లు చేసినా బాత్రూమ్‌లోంచే చేశాను. అందుకే రాలేనన్నాను.

ఆ యాభై రెండు రోజుల్లోనే ఈ వాస్తు క్లాసులు. పొద్దున్నే అప్లికేషన్లు పంపించి, మధ్యాహ్నం మంచం అటు జరిపి, బీరువా ఇటు జరిపి. చేతిలో ఏదీ లేనివాడికి దిక్కులైనా ఉన్నాయి కదా. ఉద్యోగం వచ్చింది, అందువల్లే వచ్చిందనుకున్నాను. నీ ఇంటికి కూడా అదే చేస్తే బావకి బాగవుతుందని మనస్ఫూర్తిగా నమ్మాను. గొప్ప కోసం కాదక్కా. భయపడి చేశాను.

నీకు తమ్ముడు లేడనుకో. నాకు మాత్రం అక్క ఉంది.

చక్రి

——

చికాగో, హాస్పిటల్
ఆదివారం, సెప్టెంబర్ 28

నాన్నా చక్రీ,

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. విని, వాడిని ఏమీ అనకు, నా ఉద్యోగం పోయినప్పుడు ఆ అరవై రోజుల్లో నేను ఎనిమిది కిలోలు తగ్గాను అన్నాడు. నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అలాంటి మాటలు వెనక్కి రావని తెలుసు, అయినా తీసుకుంటున్నాను.

నువ్వు రావద్దు. ఇది అలిగి రాస్తున్నది కాదు. నీ ఉద్యోగం పోతే ఈసారి అరవై రోజులు కూడా నీకు సరిపోవు, కావ్యకీ కష్టమే. నా ఇంటి కప్పు కోసం నీ ఇంటి కప్పు పోగొట్టుకోవద్దు. నా మీద ఒట్టు, వచ్చావంటే.

రేపు ఆ వసతి గదికి మారతాం. ఇరవై నాలుగు గంటలూ ఒక మనిషి ఆయన పక్కనే ఉండాలి, గంటసేపు కూడా వదలకూడదట. కాబట్టి ఇక నేను ఇంటికి వెళ్ళలేను. తాళం నమ్రతకి ఇచ్చాను. రమీరో తన వేరే పని అయ్యాక చూస్తానన్నాడు, ఎప్పుడో చెప్పలేదు. ఇంకో వాన పడితే రెండో గది సీలింగూ పడుతుంది. పడనీ. నాకున్నవి రెండు చేతులు, రెండూ ఇక్కడే కావాలి. పదో తారీఖు తర్వాత సంగతి ఆలోచించడం మానేశాను. ఆయన పడుకున్నాక బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడుస్తున్నాను. అక్కాతమ్ముళ్ళం ఇద్దరం బాత్రూమ్‌ల పాలయ్యాం చూడు.

నీ ఉద్యోగం చేసుకో. వేళకి తిను.

అక్క

——

అరోరా
గురువారం, అక్టోబర్ 9

అక్కా,

పదకొండు రోజులుగా నీకు రాయలేదు. రాస్తే దొరికిపోతానని. ఈ ఉత్తరం చాండ్లర్ నుంచి కాదు, నీ వంటగదిలోంచి రాస్తున్నాను. ముప్పయ్యో తారీఖు నుంచి ఇక్కడే ఉన్నాను. నమ్రతగారి దగ్గర కూడా నీకు చెప్పనని మాట తీసుకున్నాను, ఆవిడ మీద కోపం వద్దు.

ఒట్టు సంగతి కావ్యని అడిగాను. ఒట్టు వేసింది మీ అక్క, నువ్వు కాదు కదా, వెళ్ళు అంది. టికెట్ తనే బుక్ చేసింది.

నిన్ను చూడటానికి ఎందుకు రాలేదంటావేమో. విమానంలోనే జలుబు పట్టుకుంది, దిగేసరికి దగ్గు. ఈ దగ్గుతో బావ ఉన్న భవనంలోకి ఎలా రాను? శనివారం మందుల కవరు కింద డెస్క్ దగ్గర ఇచ్చి వెళ్ళింది నమ్రతగారు అనుకున్నావు కదా. మాస్కు పెట్టుకుని నేనే వచ్చాను. అక్కడి అబ్బాయి పైకి ఫోన్ చేసినప్పుడు నీ గొంతు వినిపించింది. కాసేపు నిలబడి వచ్చేశాను.

ఇక పని సంగతి. పది యార్డుల పెట్టెలు రెండు దొరికాయి. ఎన్ని పొరలండీ అని అడిగిన ఆవిడ దగ్గరే. రెండు అని చెప్పాను, కప్పు విస్తీర్ణం ఇంత, చెత్త వానకి తడిసి ఉంది, సగం చెత్తే తరలించాలి, అంతా చెప్పాను. తెలియనివి తెలియవన్నాను. చెక్కలేసి డ్రైవ్‌వే మీద పెట్టించాను. ఈశాన్యమేనని నాకు తెలుసు. పక్కన గట్టి నేల ఇంకెక్కడా లేదు.

రమీరో తన మనుషులిద్దరిని ఇచ్చాడు. నేనూ వాళ్ళూ ఆ పెద్ద పెట్టెలోకి దిగి, పారలతో తోడి, చక్రాల బండి మీద ముందుకి తెచ్చి పోశాం. రెండు రోజులు. ఒక బండి నిండా షింగిల్స్ ఎంత బరువో మొదటి బండి ఎత్తాక తెలిసింది, ఎత్తలేక కింద పడేశాను. ఆ తర్వాత వాళ్ళు సగం సగం నింపి ఇచ్చారు. దసరా రోజున నమ్రతగారు పులిహోర తెస్తే చేతులతో ముద్ద కట్టలేక చెంచాతో తిన్నాను. మేకు ఒకటి బూటులోంచి దిగింది, ఇంజెక్షన్ వేయించుకున్నాను, కంగారు పడకు.

మూడో తారీఖున లారీ వచ్చి పెద్ద పెట్టెని లాక్కుపోయింది. శనాదివారాల్లో రమీరో సెలవు మానుకుని వెనకవైపు కప్పు కొట్టేశాడు. తడిసిన సీలింగ్, దూది అంతా కోసి తీయించాను. ఆరబెట్టే మెషీన్లు మూడు రోజులు తిరిగాయి. కొత్త సీలింగ్ వేశారు. ఈరోజు ఒకాయన వచ్చి గోడలకి మీటర్ పెట్టి చూసి కాగితం ఇచ్చాడు, ఎక్కడా చెమ్మ లేదని. అదీ ఫొటోలూ ఇందులో జతచేశాను. అవి ఆ డిశ్చార్జి ఆవిడకి ఇప్పుడే పంపు. ఆ పరుపూ మంచం పారేశాను. కొత్త మంచం కిటికీ పక్కన వేశాను. లాన్ మాత్రం అలాగే ఉంది, దాన్ని నేను బాగుచేయలేకపోయాను.

మేనేజర్‌ని సెలవు అడగలేదు, వెళ్తున్నానని చెప్పాను. పొద్దున ఆరు నుంచి తొమ్మిది, మళ్ళీ సాయంత్రం, నీ టేబుల్ మీదే పనిచేశాను. అతను ఒకటే లైను రాశాడు, సోమవారం వచ్చాక మాట్లాడదామని. ఏం మాట్లాడతాడో తెలియదు. కావ్య సామాను లెక్క చూస్తూ కూర్చుంది, అమ్మాల్సి వస్తే ఏవి ముందు అని. నేను చూడటం లేదు. నీకు ఈ సంగతి చెప్పకూడదనుకున్నాను, కానీ దాచి దాచి మనం ఎక్కడికొచ్చామో చూశాం.

ఫ్రిజ్‌లో ఏమీ వండి పెట్టలేదు, దగ్గుతో నేను చేసిన వంట బావకి వద్దు. మీరొచ్చేలోపు నమ్రతగారి పనమ్మాయి మాస్కు పెట్టుకుని నేను ముట్టుకున్నవన్నీ, తలుపు గుబ్బలతో సహా, మందు నీళ్ళతో తుడుస్తుంది. కిటికీలన్నీ తెరిచి ఉంచుతాను.

రేపు పదకొండింటికి బావని తీసుకురా. నేను ఎనిమిదికే వెళ్ళిపోతాను. దగ్గు ఇంకా తగ్గలేదు.

చక్రి